కమ్మలకు చెప్పలేని మాట

రాసి అడిగితే బదులిచ్చే అరచేతి అద్దాలున్న రాజ్యంలోకి, నోటిమాటతో పనిచేసే చెవికమ్మలు వచ్చాయి. "ఇక అద్దాలెందుకు? పగలగొట్టండి" అని రాజు చాటించాడు. మేదరి గురవయ్య మూగవాడు. అద్దం మీద రాసి చూపిందే అతని మాట. నోరున్న దొరలకు నోరులేనివాడు ఎప్పుడు గుర్తొచ్చాడు గనక.

అతని భార్య అచ్చెమ్మ ఆ అద్దం పట్టుకుని సభకు వెళ్లింది.

"పగలగొడతాను ప్రభూ. కానీ కమ్మతో మాట్లాడటం మాకు చేతకాదు. పొద్దున ఏకాంతంలో తమరు అద్దాన్ని అడిగిన సంగతే, ఇప్పుడు కమ్మని పైకి అడిగి చూపించండి. నేర్చుకుంటాం."

రాజు నోరు తెరిచాడు. పక్కనున్న రాణి చెవి ఒగ్గింది. రాజు నోరు మూశాడు.

"అద్దాలు ఉండనీయండి" అన్నాడు.

ఇంటికొచ్చిన భార్యకు గురవయ్య చేతులు జోడించి, అద్దం మీద రాశాడు: "నా గొంతు నిలబెట్టావు అచ్చీ."

అచ్చెమ్మ కళ్లు తుడుచుకుంది. "సరేలే, రేపు నన్ను తిట్టేదీ అందులోనేగా" అంది.