లెక్కలో పడని పరుగు

ఎండలు ముదిరితే ఆ అడవిలో నీళ్ళు మిగిలేది ఒక్క మడుగులోనే. దానికోసం కొండమీది జంతువులకూ కిందివాళ్ళకూ ఏటా బంతాట జరిగేది. కర్రతో బంతిని కొట్టి, నాలుగు రాళ్ళూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతి విసిరేవాడు ఏమరితే, కొట్టకముందే రాయి మీదున్నవాడు తర్వాతి రాయికి ఉరకవచ్చు. దాన్ని రాయి దొంగిలించడం అనేవాళ్ళు. గెలిచినవాళ్ళదే వేసవంతా మడుగు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది: జట్టులో ఉన్నవాళ్ళను ఎవరూ వేటాడకూడదు.

కిందివాళ్ళలో అడవిదున్న గట్టయ్య కొడితే బంతి వాగు అవతల పడేది. కుందేలు చెంగమ్మ దెబ్బ అంతంతమాత్రమే. కానీ ఎలాగోలా మొదటి రాయి చేరిందా, మిగతావి దొంగిలించి తీరేది.

ఆ ఏడు ఆటకు ముందురోజు నక్క, కిందివాళ్ళ జట్టు పెద్ద అయిన ఎలుగు తాత దగ్గరికి వచ్చింది.

"తాతా, ఇన్నేళ్ళ ఆటలూ లెక్క కట్టాను. గట్టయ్య పదిసార్లు కర్ర పడితే నాలుగుసార్లు బంతి వాగు దాటింది. చెంగమ్మది ఎంతో తెలుసా? సున్నా!"

"అంతేనా?" అన్నాడు ఎలుగు తాత.

"ఇవి కాకిలెక్కలు కావు తాతా. అది ఊరికే అటూ ఇటూ ఉరుకుతుంది. దాని చోట్లో అడవిపందిని పెట్టు, పదికి రెండైనా దాటిస్తాడు."

ఎలుగు తాతకు లెక్కలు రావు. అందుకే అవంటే మహా గౌరవం. చెంగమ్మనూ గట్టయ్యనూ పిలిపించి ఆ లెక్క చెప్పాడు.

"లెక్క అబద్ధం కాదు తాతా," అంది చెంగమ్మ. "కానీ గట్టయ్య మావ బంతి దాటించినప్పుడల్లా నేను రాళ్ళ మీదే ఉన్నాను. ఎక్కడ ఉరుకుతానోనని, వాళ్ళ జట్టులో బంతి విసిరే కొండముచ్చు ఒక కన్ను నామీదే వేసి విసిరేవాడు. గురి తప్పేది. నేను లేనప్పుడు మావ ఎన్ని కొట్టాడో అదీ లెక్క కట్టమను."

"వాడి బెదురును ఏ తక్కెడలో తూస్తామమ్మా?" నక్క నవ్వింది. "కంటికి కనబడిందే లెక్క."

చెంగమ్మ దున్న వైపు తిరిగింది. "మావా, నీకు తెలుసుగా. చెప్పు. జట్టులోంచి తీసేస్తే పొద్దుగూకేదాకా బతకను."

గట్టయ్యకు తెలుసు. ఆమె రాళ్ళ మీద లేని రోజున తన కర్ర గాలిని కొట్టడమే ఎక్కువ. కానీ పదికి నాలుగు అన్న మాట చెవికి తియ్యగా తగిలింది.

"పెద్దాయన ఎలా అంటే అలాగే," అన్నాడు, నేల చూస్తూ.

ఎలుగు తాత చెంగమ్మను తీసేసి అడవిపందిని పెట్టాడు. ఆమె పొదల్లోకి నడిచి వెళ్ళింది. కాసేపటికి నక్క కూడా లేచి, తీరిగ్గా అటే పోయింది. మర్నాడు పొదల పక్కన కాస్త బొచ్చు కనిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. కట్టుబాటు తప్పలేదు కదా!

ఆటలో అడవిపంది మొదటి రాయి మీద నిలబడి, ఆయాసపడుతూ అక్కడే ఉండిపోయాడు. కొండముచ్చు అటు చూడనైనా లేదు. రెండు కళ్ళూ గట్టయ్య మీదే పెట్టి విసిరాడు. ఒక బంతి కర్రకు తగల్లేదు. తర్వాతదీ తగల్లేదు. ఎన్నిసార్లు కర్ర పట్టినా అంతే. ఆట ముగిసేసరికి కిందివాళ్ళకు ఒక్క పరుగూ లేదు.

మడుగు పోయింది. దూడలూ పిల్లలూ ఇసుకలో తడి కోసం మూతులు పెట్టి వెతికాయి. గట్టయ్య దూడ నెల తిరగకుండానే దాహంతో కన్నుమూసింది. దానిమీద ఈగలు వాలకుండా తోక విసురుతూ అతను చాలాసేపు నిలబడ్డాడు.

నక్క దొంగచాటుగా మడుగుకు పోతే కొండముచ్చులు రాళ్ళతో తరిమాయి. కుంటుకుంటూ తిరిగొచ్చిన నక్కను ఎలుగు తాత అడిగాడు: "నీ లెక్క ఎక్కడ తప్పిందిరా?"

నక్క ఎండిన నాలుక బయటపెట్టింది.

"ఒక్క పూట ఆకలికే లెక్క వేసుకున్నాను తాతా. వేసవంతా దాహానికి వేసుకోలేదు."

దెబ్బను లెక్కపెట్టి, దానికి దారి చేసిన పరుగును వదిలేసే లెక్క కొంప ముంచే లెక్క.