రాజాగారి కలం

ప్రమాది నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ నవమి, ఉదయం తొమ్మిదింపావు. సరస్వతీ పూజ కావడంతో ఇంట్లోని పుస్తకాలూ కలాలూ అన్నీ పీట మీదికి చేరాయి. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టరు. వాటి నడుమ రాజాగారి కలం ఉంది. మా సంస్థానంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం మీద రాజాగారు దానితోనే సంతకం చేసి, ఆ చట్టాన్ని తెలుగులో రాసిన మా మామగారు చిదంబర దీక్షితులుగారికి బహూకరించిన కలం అది. ఆరేళ్ళుగా మా అత్తగారు ఏటా దాని పాళీకి గంధం పూసి కుంకుమ పెట్టేవారు.

మామగారి దగ్గర వేదాంతం చదువుకునే నరహరి ఆ పూట అడిగాడు: "గురువుగారూ, చట్టం వచ్చి ఆరేళ్ళయింది కదా, వెట్టి ఇంకా పోలేదేం?"

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మామగారికి లేదు. ఇంతలో ఊళ్ళో కూలి చేసుకునే పోలమ్మ పరుగున వచ్చి గుమ్మంలో కూలబడింది. జ్వరంతో పడుకున్న ఆమె పెనిమిటిని తహసీలుదారు బంట్రోతులు మూటలు మొయ్యమని లాక్కెళ్ళారట.

"చట్టం ఉంది బాబూ అన్నానండి. ఏదీ, కొంగున కట్టుకొచ్చావా, చూపించమని నవ్వారండి. మద్దేన్నానికి బయల్దేరతారంట. ఆ ఎండలో నడిచాడంటే నాకు దక్కడండి."

మామగారు లేచి రాజాగారి కలం తీశారు.

"అయ్యో, ఇవాళ ముట్టకూడదండీ! తప్పదంటే ఇంకోటి తీసుకోండి," అన్నారు అత్తగారు.

"వెట్టి మాట రాయవలసింది ఇదే."

సిరాలో ముంచి కాగితం మీద పెట్టారు. గీత పడలేదు. పాళీ చీలికలో ఆరేళ్ళ గంధం రాయిలా గట్టిపడి ఉంది.

"చూశావా నరహరీ, దీని నోరు మూసింది మనమే."

అత్తగారు వేన్నీళ్ళు తెచ్చి, తన చేతులతోనే పాళీ కడిగారు. గిన్నెలో ఎర్రబడిన ఆ నీళ్ళు, తడిసిన ఆమె కళ్ళు నాకిప్పటికీ కనబడుతూనే ఉంటాయి. మామగారు చట్టంలోని మాటలు పొల్లుపోకుండా రాసి, కింద సంతకం చేసి, కాగితం నరహరికిచ్చి పరుగెత్తించారు. రెండు గంటలు గడిచేసరికి పోలమ్మ పెనిమిటి నరహరి భుజం మీద వాలి తిరిగొచ్చాడు.

మర్నాడు తెల్లవారుతూనే అత్తగారు చాపలు పరిచారు. ఇంట్లో చదువొచ్చిన వాళ్ళందరం ఊరికొకటి చొప్పున చట్టానికి నకళ్ళు రాస్తూ కూర్చున్నాం. కొత్తకోడలిని, నా ఒత్తులు సరిగా పడేవి కావు. ఆమే పక్కన కూర్చుని దిద్దించారు. స్నానం చేసి వచ్చిన నరహరి గుమ్మంలో తటపటాయించాడు.

"ఇవాళ పారాయణం లేదా గురువుగారూ?"

మామగారు తలెత్తలేదు. "మరి ఇదేమిటనుకున్నావు? కూర్చో."