తొంభై ఒకటో పిల్ల

అనగనగా ఒక అడవిలో, చింతచెట్ల నీడన, కుందేలు పిల్లల బడి ఉండేది. అక్కడ పాఠాలు చెప్పేది సూరమ్మ అనే ముసలి ఉడుత.

ఆ ఏడాది ఎండలకి వాగు ఎండిపోయింది. నీళ్లు తాగాలంటే బయలు దాటి అవతలి చెరువుకి పోవాలి. బయల్లో నక్క కాపు కాసి కూర్చుంది. సమానమైన వరుసల్లో, ఒకరినొకరు ఆనుకుని నడిస్తే అది దగ్గరికి రాదు. ఒంటరిగా ఎవరైనా దొరికారో, నోట కరుచుకుపోతుంది.

పిల్లలు తొంభై ఒక్కమంది. సూరమ్మ వాళ్లని ఇద్దరేసి నిలబెట్టింది. చివర బుల్లెమ్మ అనే బుజ్జి కుందేలు ఒక్కతే మిగిలింది. ముగ్గురేసి నిలబెట్టింది. మళ్లీ బుల్లెమ్మే మిగిలింది. అయిదుగురేసి నిలబెట్టినా అంతే. పాపం, దాని మొహం చిన్నబోయింది.

"ఈ లెక్క తెగేది కాదు సూరమ్మా. దాన్ని ఇక్కడే ఉంచి పదండి," అన్నాడు నెమలి హెడ్మాస్టరు.

"ఏదో ఒక వరుసలో ఇరికిద్దామండీ."

"వరుస వంకరైతే పిల్లలు తడబడి చెదిరిపోతారు. నక్కకి కావలసింది అదే."

"నేను ఉండిపోతాను టీచర్. నాకంత దాహంగా లేదు," అంది బుల్లెమ్మ. దాని పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

సూరమ్మ ఆ పెదాల వంక చూసింది. చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పిన తాబేలు మాస్టారు గుర్తొచ్చారు. ఎంత మంచి రోజులవి! ఆయన చింతపిక్కలు కుప్పపోసి వరుసలు పేర్చమనేవారు. ఏ అంకెతో పేరిస్తే ఒక్క పిక్కా మిగలదో, అదే కారణాంకం అనేవారు. లెక్క కుదిరితే ఆ పిక్కలే వేయించి పెట్టేవారు. ఆ కమ్మటి వాసన ఇప్పటికీ ఆమె ముక్కుకి తగులుతూనే ఉంటుంది. ఒకరోజు సూరమ్మ రెండు, మూడు, అయిదు చూసేసి, "ఇది విడదు మాస్టారూ," అని చేతులు దులుపుకుంది. ఆయన కోప్పడలేదు. మిగిలిన పిక్కని ఆమె అరచేతిలో పెట్టి, "ఏడుతో చూశావా తల్లీ?" అన్నారు.

సూరమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. "పిల్లలూ, ఏడుగురేసి నిలబడండి."

ఒక వరుస, రెండో వరుస, మూడో వరుస... అలా పదమూడు వరుసలు నిండాయి. ఒక్కరూ మిగలలేదు. బుల్లెమ్మ అటు చూస్తే ఒక నేస్తం, ఇటు చూస్తే ఇంకో నేస్తం. నక్క పొదలోంచి తొంగి చూసి, గుటకలు మింగి ఊరుకుంది.

చెరువులో కడుపునిండా నీళ్లు తాగాక బుల్లెమ్మ అడిగింది. "ఏడు సంగతి మీకెవరు చెప్పారు టీచర్?"

"మా మాస్టారమ్మా. ఆయనే ఉంటే ఇవాళ మీకందరికీ పిక్కలు వేయించి పెట్టేవారు," అంటూ సూరమ్మ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు బడంతా వేయించిన చింతపిక్కల వాసన. మొదటి పిక్క బుల్లెమ్మకే పెట్టింది సూరమ్మ.

నీతి: ఎవరినైనా మిగిలిపోయారని వదిలేసే ముందు, ఇంకొక్కసారి వరుస మార్చి చూడాలి.