ఏరు తెచ్చినవి

ఒక పట్టణం పక్కన ఏరు ఉండేది. అది మురికిపట్టిందని ఊళ్ళో అందరికీ ఏనాడో తెలుసు. పట్టణాధికారికి మాత్రం ఆ సంవత్సరమే తెలిసింది. ఆ సంవత్సరం ఆయన తన కొత్త భవనానికి ఏటివైపు కిటికీలు పెట్టించుకున్నాడు.

చదువుకునే పిల్లల్లో ఇష్టమున్నవారు వచ్చి ఏటిని శుభ్రం చేయవచ్చునని ఆయన చాటింపు వేయించాడు. కూలి ఉండదు. వచ్చినవారికి ఒక తెల్లని అంగీ, చేతులకు తొడుగులు ఇస్తారు. పిల్లలు ఉత్సాహంగా వచ్చారు. వారిలో ఏటి ఒడ్డున ఉండే ఒక పిల్ల కూడా ఉంది.

ఆమె ఒడ్డు పిల్ల అని తక్కినవారికి తెలియదు. ఆమె తండ్రి పుట్టి పడవ నడిపి మనుషులను అవతలి గట్టుకు చేరవేసేవాడు. వారి గుడిసెలు ఏటి వంపులో ఉండేవి. బడిలో ఒడ్డు జనం పేరు ఎత్తితే పిల్లలు ముక్కు మూసుకునేవారు. అందుకని ఆమె రోజూ గట్టు వెంట వెనక్కి నడిచి, సంత చుట్టూ తిరిగి, ఊరి బాటన బడికి వచ్చేది. బజారులో తండ్రి ఎదురైతే ముందుగా ముఖం తిప్పుకునేది ఆయనే.

ఒడ్డు జనానికి ఒక ఆచారం ఉంది. పురిటి స్నానం నాడు బిడ్డ పాదాలు ఏటిలో ముంచి, ఇంటికి పెద్దయినవారు బిడ్డ చెవిలో "నిన్ను ఏరు తెచ్చింది" అని చెబుతారు. ఎప్పటిదో ఒక పెద్ద వరదలో, పూరింటి కప్పు పట్టుకుని కొట్టుకువచ్చి ఆ వంపులో ఆగిన ఆలుమగల సంతానం వారంతా. ఆ పిల్ల ఈ లోకంలో విన్న మొదటి మాట అదే. చెప్పింది ఆమె నాయనమ్మ.

మొదటి రోజునే పిల్లల మధ్య తగవు వచ్చింది. ఏది చెత్త, ఏది కాదు అన్నది తేలలేదు. ఒకడు నీళ్ళలో నానుతున్న పెద్ద కొమ్మను ఈడ్చుకువచ్చాడు.

"దాన్నెందుకు లాగావురా?" అంది వర్తకుడి కూతురు.

"చెత్త కదా!"

"చెత్త నీ మొహం. చెట్టు కొమ్మ అది."

"చచ్చిన కొమ్మ చెత్త కాక మీ తాత ఊతకర్రా?"

అందరూ నవ్వారు. గట్టు మీద గొడుగు కింద కూర్చున్న పట్టణాధికారి నవ్వలేదు. ఆయనకు ఒక నియమం కావాలి. "మీలో ఎవరైనా చెప్పండి, ఏది చెత్త?" అని అడిగాడు.

ఒడ్డు పిల్ల ఆలోచించకుండానే జవాబిచ్చింది. ఆమె ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఉన్నదే. "ఏరు తనంత తాను తెచ్చింది ఏటిదండీ. తక్కినదంతా చెత్త."

అధికారి ముఖం విప్పారింది. అంత చిన్న మాటలో అంత పెద్ద పని తీరిపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ మాటను పలక మీద రాయించి గట్టున పాతించాడు. కొమ్మను తిరిగి నీళ్ళలో వదిలారు. ఒడ్డు పిల్లకు పిల్లలందరి ముందు నిలబడే చోటు దొరికింది.

ఆ తరువాతి రోజులు ఆమె బతుకులో మంచి రోజులు. చిరిగిన గోతాలు, సీసాలు, విరిగిన కుర్చీలు, దేవుళ్ళ బొమ్మలలోని కుళ్ళిన గడ్డి, కట్టలు కట్టలుగా వాడిన దండలు బయటికి వచ్చాయి. అడుగున ఇసుక కనబడింది. ఎక్కడికో పోయిన లకుముకిపిట్ట వచ్చి రెల్లు మీద కూర్చుంది. ఆమె మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, ఎవరూ చూడకుండా, ఒక చేతి తొడుగు తీసి నీళ్ళను తాకేది.

ఎగువన అద్దకపు కార్ఖానా గొట్టం ఒకటి ఉంది. అందులోంచి నల్లని నీరు వచ్చి ఏటిలో పడేది. ఒకనాడు ఆమె దాన్ని చూపించింది. అధికారి చాలాసేపు పరిశీలించాడు. కార్ఖానా ఆయన బావమరిదిది.

"ఇది పారుతోంది కదా?" అన్నాడు.

"పారుతోందండీ."

"పారేదాన్ని ఏమంటారు?"

పారేదంతా ఏరేనని ఆయనే తేల్చాడు. పని దిగువకు సాగింది.

ఆఖరుకు తీయడానికి ఏమీ మిగలలేదు. అధికారి తన కిటికీ దగ్గర నిలబడి ఏటిని తృప్తిగా చూశాడు. నీరు తళతళలాడుతోంది. రెల్లు ఊగుతోంది. వంపులో గుడిసెలున్నాయి. ఆయన ఇంకొంచెం ముందుకు వంగి చూశాడు.

మరునాడు పిల్లలను గుడిసెల ముందు వరుసగా నిలబెట్టారు. తెల్ల అంగీలలో అందరూ ఒకేలా ఉన్నారు. గుడిసెల జనం బయటికి వచ్చారు. ఆ పిల్ల తండ్రి పుట్టికి తారు పూస్తూ పూస్తూ చెయ్యి ఆపాడు. కూతురి వైపు ఒక్కసారి చూసి, చూపు నేలకు దించుకున్నాడు.

"ఇవి ఏరు తెచ్చినవి కావు," అన్నాడు అధికారి.

నాయనమ్మ కర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చింది. "మేం ఏరు తెచ్చినోళ్ళమే బాబూ. వరదలో వచ్చాం. ఒడ్డున పడేసి, ఉండమంది."

"సాక్షి ఎవరు?"

"ఏరే. ఇంకెవరుంటారు ఆ నీళ్ళలో?"

వర్తకుడి కూతురు పక్కనున్న ఒడ్డు పిల్ల భుజం గిల్లింది. "ఏరు తేవడానికి వీళ్ళేమన్నా చేపలటే? వాసన చూస్తే అవుననే అనిపిస్తోంది గానీ!" అని గుసగుసలాడింది. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఒడ్డు పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. అప్పటికే వచ్చేసింది.

నవ్వు విని అధికారి అటు తిరిగాడు. "నియమం చెప్పింది నువ్వే కదమ్మా. నువ్వే తేల్చు. వీళ్ళను ఏరు తెచ్చిందన్న మాట నువ్వెక్కడైనా విన్నావా?"

నాయనమ్మ ముఖం వికసించింది. అడగవలసినవారినే అడిగారని ఆమెకు సంతోషం వేసింది. కర్ర వదిలేసి రెండు చేతులూ జోడించి, ఆ పిల్ల చెప్పబోయే మాట కోసం చూసింది.

విన్నానని చెప్పడం పెద్ద కష్టం కాదు. ఆ ఒక్క మాటతో గుడిసెలు నిలుస్తాయి. కానీ ఎక్కడ విన్నావంటే చెప్పాలి. ఎవరు చెప్పారంటే చూపించాలి. భుజం మీద వర్తకుడి కూతురి చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

"వినలేదండీ," అంది.

నాయనమ్మ చేతులు కాసేపు అలాగే జోడించి ఉన్నాయి. ఆ తరువాత ఆమె వంగి కర్ర కోసం తడుముకుంది. ఆమె కొడుకు వచ్చి కర్ర అందించి, తల్లిని లోపలికి నడిపించాడు. ఎవరూ ఏడవలేదు. ఎవరూ శాపనార్థాలు పెట్టలేదు.

పని పిల్లలే చేశారు. తాటాకులు ఊడదీశారు, నిట్రాళ్ళు పెరికారు. ఒడ్డు పిల్లకూ, వర్తకుడి కూతురికీ కలిపి పుట్టి మోసే పని పడింది. "అబ్బ, జారిపోతోందే! ఎలా పట్టుకోవాలే దీన్ని?" అంది వర్తకుడి కూతురు.

"అంచు పట్టుకోకు. లోపలి బద్ద పట్టుకో," అంది ఒడ్డు పిల్ల.

"నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

మధ్యాహ్నానికి బండ్లు కదిలాయి. చెత్తా, గుడిసెలూ, వాటి మనుషులూ కలిసి ఒకే బాటన ఊరి వెలుపలికి వెళ్ళారు. వంపు ఖాళీ అయింది. పట్టణాధికారి పిల్లలకు మిఠాయి పంచాడు. ఒడ్డు పిల్లను దగ్గరకు పిలిచి, ఏటి తరఫున తానే కృతజ్ఞత చెబుతున్నానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్ళారు.

ఆమెకు వెళ్ళడానికి ఇల్లు లేదని అప్పుడు తోచింది. బండి చక్రాల జాడ పట్టుకుని నడిచింది. ఊరి వెలుపల, సున్నపు బట్టీల వెనుక, చెత్తనంతా కుప్ప పోశారు. అక్కడ చుట్టుపక్కల నీటి చుక్క లేదు. కుప్ప ఓరన ఆమె తండ్రి ఒక గుంజ పాతుతున్నాడు. నాయనమ్మ బోర్లించిన పుట్టికి చేరబడి, గోడ వైపు చూస్తున్నట్టు బట్టీల వైపు చూస్తూ కూర్చుంది.

"నాన్నా," అంది ఆ పిల్ల.

ఆయన తలెత్తాడు. తెల్లని అంగీని చూశాడు. గుంజ వదిలి లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇక్కడినుంచి కూడా లేవమంటారా, అమ్మగారూ?" అని అడిగాడు.

ఆ గొంతులో కోపం ఉందేమోనని ఆమె వెతికింది. ఉంటే బాగుండునని వెతికింది. మర్యాద తప్ప మరేమీ దొరకలేదు.