కుదురులేని అక్షరాలు

పరదేశి మాస్టారు దేనికీ తిన్నగా జవాబు చెప్పరు. ముందు కుంచె కడుక్కుంటారు, తర్వాత ఏదో సంగతి ఎత్తుకుంటారు. అనకాపల్లిలో సగం బోర్డులు ఆయన చేతివే. ఇప్పుడు కంప్యూటర్ మీద అక్షరాలు గీసే మాలాంటివాళ్ళకి పాఠం చెబుతున్నారు.

మాలో హైమ ఒక ఫాంట్ చేసింది. బొద్దు బొద్దు అక్షరాలు. 'క' బొజ్జ ముందుకు తోసుకుని నిలబడేది. తలకట్లు టోపీల్లా పక్కకి ఒరిగేవి. సినిమా పోస్టరుకీ, మిఠాయి కొట్టుకీ, పిల్లల పుస్తకం అట్టకీ అంతకన్నా ఏం కావాలి? కొనడానికొచ్చిన ప్రచురణకర్తలు మాత్రం, "అల్లరి ఎక్కువైంది, కాస్త మర్యాదగా మార్చండి, లేకపోతే మాకొద్దు" అన్నారు. మర్యాద పేరు చెప్పి ఎన్ని మంచి పనుల పీక నొక్కారో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడాది కష్టం మట్టికొట్టుకుపోతుందని హైమ భయపడింది. పొట్టలు లోపలికి లాగేసి, తలకట్లు సరిచేసి తీసుకొచ్చింది.

"మాస్టారూ, ఇలా పంపెయ్యనా?" అని అడిగింది.

మాస్టారు కుంచె కడుక్కుని ఈ సంగతి చెప్పారు.

నాటకాల్లో హాస్యం వేసే గవరయ్య చనిపోయాడు. పెద్దకర్మ బోర్డుకి అతని తమ్ముడు వచ్చాడు. చావు బోర్డు కదా అని మాస్టారు నల్లరంగుతో, నిటారుగా, పద్ధతిగా రాసిచ్చారు. గవరయ్య భార్య సింహాచలం దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇదెవరిది?" అంది.

"అన్నదే వదినా."

"మీ అన్న ఏ రోజైనా ఇంత కుదురుగా నిలబడ్డాడేటి? నాటకం బోర్డు మీద ఆయన పేరు ఎలా గెంతేదో అలాగే రాయించు. వేళా, చోటూ ఎలాగ రాసినా పరవాలేదు."

"చావింట అలాటి అక్షరాలేటి? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. ఆయన బతికినంతకాలం అడిగింది అదే కదేటి!"

అలాగైతే ఆ గడప తొక్కేది లేదన్నారు కులపెద్దలు. ఆవిడ లెక్కచెయ్యలేదు. మాస్టారు పేరును ఎర్రరంగుతో లావుగా గెంతించి, వేళా చోటూ కింద చిన్నగా, అందరికీ తెలిసేలా రాశారు. ఆ బోర్డుని పందిరి రాటకి ఆవిడే కట్టుకుంది.

పెద్దకర్మ రోజు వీధి మలుపు తిరిగిన ప్రతి మనిషీ ఆ పేరు చూసి ఫక్కున నవ్వాడు. రెండడుగులు వేసేసరికి ఏడుపు ఆపుకోలేకపోయాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది తమ్ముడే. గడప తొక్కేది లేదన్న పెద్దలు కూడా వచ్చి, బోర్డు కిందే కూర్చుని భోంచేశారు.

అంతటితో మాస్టారు సంగతి ముగించారు.

"మరి నన్నేం చెయ్యమంటారు?" అంది హైమ.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. పొట్ట తగ్గి, బుద్ధిగా నిలబడ్డ 'క' మీద వేలు పెట్టారు.

"ఇదెవరిదమ్మా?" అన్నారు.