జాడీ మీద పేరు

పూర్వం ఎర్రకొండ వాలులో నాంచారమ్మ కుటుంబానికి చిన్న ద్రాక్షతోట ఒకటి ఉండేది. కాయలు పచ్చిగా ఉండగానే సగం గుత్తులు తెంపేసి, మిగిలినవి బాగా పండాక ఏడాదికి పన్నెండే జాడీల ద్రాక్షాసవం తీసేవారు. ప్రతి జాడీ మీదా తమ ఇంటిపేరు రాసేవారు.

ఒక ఏడు మంత్రి భైరవయ్య తోటకు వచ్చాడు.

"వచ్చే ఏడు రాజుగారి విందుకు పాతిక జాడీలు కావాలి. ఒక్క పచ్చిగుత్తి తెంపినా తోట ఖజానాకు పోతుంది," అన్నాడు.

తీగ మీద బరువు పెరిగితే పండులో తీపి తగ్గుతుందని ఈయనకు ఎంత చెప్పినా తలకెక్కదనుకుంది నాంచారమ్మ.

"చిత్తం. పద్ధతి తమరిది కాబట్టి ఈసారి జాడీల మీద తమరి పేరే రాయిస్తానండి," అంది.

మంత్రి మీసం దువ్వుకున్నాడు.

విందుకు ముందురోజు ఆమె ఒక జాడీ తెచ్చి రుచి చూడమంది. ఒక్క గుక్కకే ఆయన ముఖం పచ్చి చింతకాయ కొరికినట్టయింది.

"ఇది రాజుగారు తాగితే నా గతేమిటి? ఆ పేరు చెరిపెయ్యమ్మా," అన్నాడు.

"అలాగేనండి. ముందు ఆ హుకుం తమరు చెరపండి. పోయినేటి జాడీలు ఆరు దాచాను, విందులో రాజుగారి పంక్తికి అవి పంపుతాను. వాటి మీద మా పేరే ఉంది."

మరుసటి ఏడు నాంచారమ్మ పచ్చిగుత్తులు తెంపుతుంటే అడ్డు చెప్పినవాళ్లు లేరు.