నీలవేణి అడిగిన బార్

గౌరీశ్వరరావు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ‘చూద్దాం లే’ అనేవారు. అని ఊరుకోకుండా, నిజంగానే వెళ్లి చూసేవారు.

ఒకరోజు సాయంత్రం నీలవేణి ఆయన వ్యాయామశాలకి వచ్చింది. ఒకప్పుడు అక్కడే బరువులెత్తడం నేర్చుకుని రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చిన మనిషి. ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, గుమ్మం పక్కన బల్ల మీద కూలబడింది.

“మాస్టారూ, ఇంట్లోనే కసరత్తు చేసుకుంటాను. బరువులెత్తడానికి ఏ ఇనుప బార్ కొనుక్కోమంటారు?”

“ఇప్పుడు దేనికమ్మా?”

“ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తాలంటే చేతులు వణికిపోతున్నాయి. అప్పట్లో ఎంతెత్తేదాన్నో మీకు తెలుసు కదా. నాకు మళ్లీ ఆ బలం కావాలి.”

ఆమె భర్త సోమినాయుడు కరెంటు లైన్‌మన్. స్తంభం మీంచి పడ్డాక నడుం కింద చలనం పోయింది. ఆ సంగతి మాస్టారికి తెలుసు. ఆయన గోడకి ఆనించి ఉన్న బార్ల వైపు చెయ్యి చూపించి, “నీకు నచ్చింది తీసుకో. చూద్దాం లే” అన్నారు. నీలవేణి తడుముకోకుండా పొడవాటి పోటీ బార్ మీద చెయ్యి వేసింది. ఆ గరుకు పట్టు అరచేతికి తగలగానే, చాలాకాలానికి ఆమె ముఖంలో కాస్త వెలుగొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ దాన్ని నీలవేణి వాళ్ల మేడ మీది వాటాలోకి చేర్చారు. మెట్ల మలుపులో గోడ సున్నం గీసుకుపోయింది. గదిలో ఒక కొస బీరువాకి తగులుతోంది, రెండో కొస మంచం మీదికి వస్తోంది. మందులు వేసుకుని సోమినాయుడు నిద్రపోతున్నాడు. నీలవేణి రెండు కొసలకీ బరువు ప్లేట్లు తగిలించి, ఊపిరి బిగించి, బార్‌ని ఛాతీ దాకా లేపింది. ఇక పైకి పోలేదు. దించబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు. పోటీల్లో అయితే బార్ వదిలేసి వెనక్కి జరిగేది. ఇక్కడ పక్కనే మనిషి ఉన్నాడు.

మాస్టారు మంచం వైపు కొస అందుకున్నారు. అయినా ప్లేటు మంచం పట్టెకి రాసుకుని కీచుమంది. సోమినాయుడు కళ్లు తెరిచాడు. మీద వేలాడుతున్న ఇనుముని చూసి, మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

బార్ నేలకి దిగాక నీలవేణి అక్కడే చతికిలబడింది.

“భయపడ్డావా?” అంది.

“లేదే. నీ చేతులు వణకడం రోజూ చూస్తున్నదే కదా” అన్నాడు అతను.

ఆమెకి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి. గోడకి తల ఆనించింది. మాస్టారు ప్లేట్లు ఊడదీసి, పక్కింటాయన సాయంతో బార్‌ని కిందికి దించుకుపోయారు.

మర్నాడు ఆయన పొట్టి బార్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. సన్నది, మంచానికీ బీరువాకీ మధ్య సులువుగా పట్టింది. సోమినాయుడికి అప్పుడే కునుకు పట్టింది.

“ఇది కొత్తగా చేరిన పిల్లలు ఎత్తేది కదా మాస్టారూ” అంది నీలవేణి, కాస్త చిన్నబుచ్చుకుని.

“ఎత్తు.”

ఎత్తింది. కష్టమేమీ కాలేదు. దించేటప్పుడు మాత్రం రోజంతా నిలబడ్డ నడుం సహకరించక, బార్ గచ్చు మీద ఠంగుమంది. సోమినాయుడు ఉలిక్కిపడి కళ్లు విప్పి, ఆమెని చూసి మళ్లీ మూసుకున్నాడు. నీలవేణి ఇంకోసారి ఎత్తింది. ఈసారి కొంచెం నెమ్మదిగా దించింది. అయినా చప్పుడయింది.

“మరి బరువు ఎప్పుడు పెంచమంటారు?” అని అడిగింది, నుదురు తుడుచుకుంటూ.

మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ అన్నారు: “ఆయనకి మెలకువ రాకుండా దించిన రోజున.”